బాబాయి నాడి తప్పిన పూట

మా బాబాయి గురించి చెబితే మీరు నమ్మరు. నమ్మకపోయినా చెబుతాను, ఇలాంటివి నాకు అలవాటే. ఆయన కడిగిన ఫొటోలో కుక్కని చూసి పక్కింటి పిల్లి మూడు రోజులు అటక దిగలేదు. ఎనిమిదో తరగతిలో చదువు నన్ను వదిలేసుకుంది, దాని ఖర్మ. ఆ తర్వాత నా కాలేజీ బాబాయి స్నానాలగదే.

వారమంతా ఆయన గడియారాలు బాగుచేస్తాడు. ఆదివారం పొద్దున్నే స్నానాలగది కిటికీకి నల్లగుడ్డ కొట్టి, ఎర్రబల్బు తగిలించి, తొట్టిమీద చెక్క వేసి, ఫొటో పెద్దది చేసే ఎన్‌లార్జరు ఎక్కిస్తాడు. "పెళ్లయ్యాక ఒక్క ఆదివారం తిన్నగా స్నానం చేసిన పాపాన పోలేదు" అంటుంది పిన్ని.

ఈ పనిలో అంతా వెలుగు లెక్కే. ఎన్‌లార్జరు దీపం కాగితంమీద ఎంతసేపు పడాలన్నదే విద్య. తక్కువైతే ముఖం సున్నం కొట్టినట్టు, ఎక్కువైతే మసిగుడ్డ. గడియారాల మిస్త్రీ కదా, గడియారంతోనే కొలుస్తాడనుకుంటారు. అబ్బే! మణికట్టు మీద వేలు పెట్టి తన నాడి లెక్కపెడతాడు. "ముల్లు కేసి చూస్తూ కూచుంటే కాగితం కేసి ఎవడు చూస్తాడ్రా?" అంటాడు. ఆయన 'ఊ' అంటే నేను స్విచ్చు వేయాలి, 'ఆఁ' అంటే తీసేయాలి. ఇరవై ఏళ్లలో ఆ లెక్క తప్పలేదు. తప్పింది ఒక్కసారే, అదీ తప్పకూడని రోజున.

ఆ రోజు మధ్యాహ్నం పన్నెండింటికి అమ్మమ్మ ఆస్పత్రిలో చేరాలి. అమ్మమ్మంటే పిన్నివాళ్లమ్మ. ఒక కన్ను ఏనాడో పోయింది. మిగిలినదానికి మర్నాడు ఆపరేషన్. చూపు ఉండచ్చు, పోవచ్చు అన్నాడు డాక్టరు. సరిగ్గా ముందురోజే ఆవిడ పెట్టె అడుగున ఒక నెగెటివు దొరికింది. పదేళ్ల అమ్మమ్మా, పన్నెండేళ్ల వాళ్లక్కా, ఇద్దరూ నోరంతా తెరిచి నవ్వుతున్నారు.

ఆ అక్క పోయిన ఏడాది పోయింది. పోయేదాకా ఒకటే మాట: "నువ్వు ఉయ్యాలబల్ల విసరబట్టే నా ముందు పన్ను విరిగింది." అమ్మమ్మదీ ఒకటే జవాబు: "నీ పన్ను అంతకుముందే విరిగి ఏడ్చింది." ఈ గొడవమీద అక్కాచెల్లెళ్లు రెండు పెళ్లిళ్లలో మాట్లాడుకోలేదు. ఫొటో తీసింది ఉయ్యాల విసిరిన రోజు పొద్దున, విసరకముందు. నెగెటివులో చూస్తే నోరు ఆవగింజంత.

"అల్లుడుగారూ, కన్ను ఉండగానే మా అక్క పన్ను చూపించండి. తప్పు నాదో దానిదో తేల్చుకుని పోతాను" అంది అమ్మమ్మ.

పెద్ద ఫొటో కాగితాలు రెండే ఉన్నాయి. అవి అమ్మే కొట్టు మూతబడి ఏడాదైంది.

మొదటి కాగితం అంచున రెండు వేళ్ల వెడల్పు పట్టీ కోశాడు బాబాయి. దాన్ని అక్క ముఖం పడేచోట పెట్టి, అట్టముక్కతో కొంచెం కొంచెంగా కప్పుతూ పోయాడు. నాడి పది దెబ్బలకి ఒక మెట్టు, పదిహేనుకి ఒకటి, ఇరవైకి ఒకటి. ఫొటో కడిగే మందులో ముంచితే తెలుపు నుంచి నలుపుకి మెట్లు తేలాయి. ఇరవై బాగుంది. "చూశావట్రా, వేలిముద్ర వేసినట్టుంది!" అన్నాడు. నేనూ ఈల వేశాను.

అప్పుడే పిన్ని తలుపు దబదబా కొట్టింది. "ఆస్పత్రినుంచి ఫోను! కారు పదకొండున్నరకే వస్తుందట!"

"ఇప్పుడెంత?"

"పదకొండు!"

బాబాయి ఎన్‌లార్జరు కేసి తిరిగాడు. కాగితం పెట్టాడు. 'ఊ' అన్నాడు. ఇరవై లెక్కపెట్టి 'ఆఁ' అన్నాడు. నాకేదో త్వరగా అయిపోయినట్టే ఉంది. కానీ పెద్దవాళ్ల లెక్కలో వేలు పెట్టేంత చదువు నాకెక్కడిది?

మందులో బొమ్మ పైకి వచ్చింది గానీ, పాలిపోయి వచ్చింది. పెదాలకీ పళ్లకీ తేడా లేదు. నోరంతా ఒకటే తెల్లమచ్చ.

బాబాయి మణికట్టు పట్టుకుని అలాగే నిలబడ్డాడు. "గుర్రంలా పరిగెడుతోందిరా. ఇందాకటి ఇరవై వేరు, ఇప్పటి ఇరవై వేరు."

"గడియారం?"

"గోడగడియారానికి సెకండ్ల ముల్లు లేదు. నీ చేతిదో?"

నా చేతిగడియారం మూడు నెలలుగా పదీ పదిదగ్గరే ఉంది. అందానికి పెట్టుకుంటున్నాను. "దుకాణానికి పరిగెత్తనా?"

"నువ్వు వెళ్లొచ్చేసరికి కారొస్తుంది."

తలుపవతలనుంచి అమ్మమ్మ గొంతు: "నా చెయ్యి పట్టుకోండి, అల్లుడుగారూ."

"మీకు భయంగా లేదూ?"

"భయపడాల్సింది కత్తి పట్టేవాడు. నేను పడుకునేదాన్నేగా."

ఆవిడని బోర్లించిన బక్కెట్టుమీద కూచోబెట్టి తలుపేశాం. బాబాయి ఆవిడ మణికట్టు మీద వేలు పెట్టాడు. కాసేపటికి ఆయన భుజాలు దిగాయి. "మా దుకాణంలో ఇలా నడిచేది ఒక్కటీ లేదు" అన్నాడు.

కొత్త నాడికి కొత్త పట్టీ కావాలి. ఆఖరి కాగితం అంచే కోయాలి. కత్తెర ఆడుతుంటే నేను కాగితం రెండో కొస పట్టుకున్నాను. ఈసారి పదిహేను దగ్గర పళ్లు తెల్లగా కలిసిపోయాయి, ఇరవై దగ్గర బూడిదపట్టాయి.

"పదిహేడు" అన్నాడు.

"పద్దెనిమిదేమో?" అన్నాను.

"నోర్ముయ్. ఊ."

స్విచ్చు వేశాను. బాబాయి పెదాలు కదులుతున్నాయి. తొమ్మిది. పది. వీధిలో కారు హారన్ కొట్టింది. నేను ఎగిరిపడ్డాను. బాబాయి నాడి ఏ గంతు వేసిందో దేవుడికెరుక. ఆయన వేలు మాత్రం అమ్మమ్మ చేతిమీద ఉంది. ఆ చెయ్యి కదల్లేదు. పదిహేను. పదహారు.

"ఆఁ!"

మందులో జుట్టు ముందు వచ్చింది, తర్వాత కళ్లు, ఆఖరున నోరు. ఎర్రదీపంలో అమ్మమ్మకి ఏమీ ఆనదు. "ఏముంది? చెప్పండి!" అంటుంది. బాబాయి చెప్పడు. బొమ్మని చెరిగిపోకుండా నిలిపే మందులో ముంచి, నీళ్లలో జాడించి, కారుతున్న కాగితం ఆవిడ చేతికిచ్చి తలుపు తీశాడు.

అమ్మమ్మ కిటికీ దగ్గరకెళ్లి ముక్కు ఆనించి చూసింది. డ్రైవరు మళ్లీ హారన్ కొట్టాడు. ఎవరూ కదల్లేదు.

పన్ను నిండుగా ఉంది. వడ్లగింజంత పగులు కూడా లేదు.

"ఓసి నా తల్లీ" అంది అమ్మమ్మ. "నేనేనన్నమాట. బతికున్నన్నాళ్లూ దాన్ని దబాయించాను." కాగితంమీద నీళ్లు ఫొటోవో ఆవిడవో తెలియలేదు. "పాపం, రెండు పెళ్లిళ్లు..." అని ఆగి, ఉన్నట్టుండి నవ్వింది. "ఎంత బాగా విసిరి ఉంటాను!"

తడి ఫొటో తువ్వాల్లో చుట్టి వెంట పట్టుకెళతానంది. కారెక్కించేటప్పుడు బాబాయి ఆవిడ చెయ్యి పట్టుకుని, ఒక్క క్షణం ఆగాడు.

"అత్తయ్యా, ఇప్పుడు పరిగెడుతోంది."

"మరి పరిగెత్తదూ! మా అక్క కనబడితేనూ..."

"ఈ నాడితో ప్రింటు తీస్తే వచ్చేది తెల్లకాగితమే."

"తీసేశారుగా" అని తలుపేసుకుంది అమ్మమ్మ.