కరెంటు డబ్బాకు బాపు బొట్టు

మొన్న దసరాకు మా పరిశోధనశాలలో పిల్లలు కుంకుమ గిన్నె పట్టుకొని బొట్టు ఎక్కడ పెట్టాలని అడిగితే, ఇనుప పెట్టె మూత చూపించి, అంతకంటే లోపలికి వేలు పోనీయొద్దని గట్టిగా చెప్పాను. వాళ్ళు నవ్వుకున్నారు. వాళ్ళకేం తెలుసు!

రాష్ట్రం వచ్చిన కొత్తలో, మక్తల్ బడిలో సైన్సు చెప్పుకునే నేను నడివయసులో పాలమూరు వచ్చి పరిశోధనలో చేరానంటే, అందుకు కారణం మా బాపు గొంతుకు వచ్చిన క్యాన్సర్. పట్నం దవాఖానలో ఆయనకు కిరణాలు ఇచ్చారు. మన ఈడువాళ్ళకు తెలుసు, మా వైపు దాన్ని కరెంటు పెట్టడం అంటారు. ఆ కరెంటు ఒంట్లో ఒక్కొక్క కణానికి ఎంత ముడుతుందో కొలిచి తీరాలని నా పంతం. నిమ్మకాయంత ప్లాస్టిక్ గోళం నడుమ సన్నటి తీగ బిగించి, గాలంతా లాగేసి, కొద్దిగా ప్రొపేన్ వాయువు నింపితే, దూసుకుపోయే కిరణానికి అంత గోళమూ ఒక చిన్న కణంతో సమానం. చెప్పడానికి ఇంతే గానీ, వాయువు నిలవక, తీగ తెగి, ఎన్నిసార్లు విప్పి బిగించానో! నా గైడు సారుకు విసుగొచ్చింది గానీ నాకు రాలేదు.

చివరికి పనిచేసింది. దసరా దాటిన ఆదివారం దవాఖానలో కిరణాలిచ్చే కోబాల్టు యంత్రాన్ని ఒక పూట మమ్మల్ని వాడుకోనిస్తామన్నారు. ఆరోజు కొలత రాకపోతే ఈ పని ఇక మూసేయాల్సిందేనని సారు చెప్పేశారు.

పండగనాడు బాపు మా పరిశోధనశాలకే వచ్చి నా చేతిలో జమ్మి ఆకు పెట్టి, "జర బొట్టు పెడ్త బిడ్డా, నా అసొంటోళ్లకు పనికొచ్చే సామాను గదా" అన్నాడు. కూలికి పోయినన్నాళ్ళూ పారకూ కొడవలికీ బొట్టు పెట్టిన మనిషి. గోళం ఉంచిన ఇనుప పెట్టెకు బయట పెడతాడనుకొని సరేనని, మూత తెరిచే ఉంచి చాయ్ తేవడానికి వెళ్ళాను.

మర్నాడు మీట వేస్తే, కిరణాలు లేకుండానే తెరమీద గీతలు ఎగిరెగిరి పడుతున్నాయి. వెతగ్గా వెతగ్గా, తీగ బయటికొచ్చే చోట కరెంటు కారకుండా బిగించిన పింగాణీ పూస మీద ఎర్రటి చుక్క కనిపించింది. తడిపి పెట్టిన కుంకుమ మీదుగా కరెంటు పక్కదారి పడుతోంది. అంతా విప్పి, స్పిరిటుతో తుడిచి, ఆరబెట్టి, మళ్ళీ వాయువు నింపి, ఆదివారం పొద్దున్నే బాపును వెంటబెట్టుకొని పట్నం బస్సెక్కాను. బొట్టు సంగతి మాత్రం ఆయనకు చెప్పలేదు.

యంత్రం కిరణాలు వదిలాక తెరమీద గీత నిదానంగా లేచి, శుభ్రంగా దిగింది. సారు నా భుజం తట్టారు. బాపు "గిదేనా నాకు ముట్టింది" అని గొంతు తడుముకున్నాడు. నాకు ఏడుపు ఆగలేదు.

ఇప్పుడు ఇలాంటివి తయారై పెట్టెల్లో వస్తున్నాయి, విప్పి బిగించే పనే లేదు. బాపూ లేడు. మూత మీద పిల్లలు పెట్టిన బొట్టు దేనికీ అడ్డం రాదు. అది చూసినప్పుడల్లా, ఆ తడి వేలు మళ్ళీ వచ్చి సరిగ్గా ఆ పింగాణీ పూస మీదే చుక్క పెడితే, మొదటినుంచీ విప్పి తుడుచుకుంటాను కదా అనిపిస్తుంది.