గింజంత శిలాజిత్తు

కొండల నడుమ స్కర్దూ బజారులో, రాళ్ల నుంచి ఊరే నల్లటి జిగురు మందు శిలాజిత్తు అమ్మే బషారత్ ఒకే మాట చెప్పి చెప్పి విసిగిపోయాడు. గింజంతే వేసుకోవాలి, గోరువెచ్చని పాలల్లో కరిగించాలి, గాజు సీసాలో తడి చెంచా పెట్టకూడదు, ఎండ తగలనివ్వకూడదు. మరకలు పడ్డ చిటికెన వేలి గోటి కొన చూపించి మరీ కొలత చెబుతాడు; ఎవరూ చూడరు. మొన్న ఎదురింటి ముసలి సుబేదారు మురాద్ కళ్లు తిరిగి పడ్డాడని పరుగెత్తి వెళితే, కిటికీలో పెట్టిన సీసాలో మందు ఎండకు కరిగి కారుతోంది, సీసా సగం ఖాళీ.

"ఎంత తిన్నావు తాతా?"

"గింజంత అన్నావు కదరా. ఆప్రికాట్ పండులోని గింజ అనుకున్నా."

బషారత్ తల పట్టుకున్నాడు. "ముప్పై ఏళ్లు పటాలంలో ఆర్డర్లు ఎలా విన్నావో అల్లాకే ఎరుక," అంటూ సీసా లాక్కుపోయాడు. ముసలాయన్ని చూసిన డాక్టరు కొంచెమైతే సరేనన్నాక, ఇప్పుడు రోజూ కొట్టు తెరవకముందే అగ్గిపుల్ల కొన మీద బియ్యపు గింజంత తెచ్చి, సణుక్కుంటూనే పాలల్లో కలిపి, ముసలాయన చివరి గుక్క మింగేదాకా గుమ్మంలో నిలబడతాడు.