ఖాళీ అట్టల మీద నెలల పేర్లు

మందుల షాపులో కత్తెర బిళ్ళల అట్టను కోసే చప్పుడు వింటే, ఏదో తప్పు చేసి దొరికిపోయినట్టు నాకు ఇప్పటికీ అనిపిస్తుంది. మొన్న నరసరావుపేటలో బీపీ బిళ్ళల కోసం నిలబడ్డాను. షాపతను అట్టను కరకరమంటూ రెండు ముక్కలు చేసి ఒకటి నా చేతిలో పెట్టాడు. ఇంటికి వెళ్ళేదాకా దాన్ని వేళ్ళ మధ్య తిప్పుతూనే ఉన్నాను. అంతసేపూ భ్రమరాంబ గారు పక్కన నడుస్తున్నట్టే ఉంది.

భ్రమరాంబ గారు మా నరసరావుపేట కోర్టులో వకీలు. లా డిగ్రీ, కొత్త నల్లకోటు, ఆ రెంటినీ మించిన పొగరు పట్టుకుని వెల్దుర్తి నుంచి బస్సు దిగిన నన్ను జూనియర్‌గా చేర్చుకున్నారు. కోర్టు వెనక వీధిలో సైకిల్ షాపు మీద రెండు గదులు ఆమె ఆఫీసు. కక్షిదారు రాగానే బల్ల మీద తెల్ల తువ్వాలు పరిచేవారు. తెచ్చిన సంచీలో ఉన్నదంతా, బస్సు టికెట్లతో సహా, దాని మీద పెట్టమనేవారు. ఒక్కొక్కటే చేత్తో తాకి "ఇదేంది?" అని అడిగేవారు. రేషన్ కార్డును కూడా చూపించి ఇదేంది అంటే, ఒక ముసలాయన "పాపం ఈమెకు చదువు రాదేమో" అన్నట్టు నా వంక చూశాడు. ఆ రోజంతా నేను నవ్వుకుంటూనే ఉన్నాను. వాళ్ళ వస్తువు సంగతి వాళ్ళ నోటితో వినాలన్నది ఆమె పద్ధతి. అది టైం దండగ అన్నది నా అభిప్రాయం.

షమీమ్ అనే కక్షిదారు వచ్చిన రోజు భ్రమరాంబ గారు గురజాల కోర్టుకు వెళ్ళారు. షమీమ్‌ది పిడుగురాళ్ల, భర్త లారీ మెకానిక్. మొదటి కాన్పు పోయాక ఆమెకు తిండీ నిద్రా కరువైతే ఒక ఆసుపత్రిలో మనసు కుదుటపడటానికి బిళ్ళలు ఇచ్చారు. ఇంట్లో వాటిని బలం బిళ్ళలని చెప్పుకుంది. మళ్ళీ నెల తప్పాక కూడా నెలనెలా అక్కడికే వెళ్ళి అవే తెచ్చుకుంది. కడుపుతో ఉన్నావా అని అడిగినవాళ్ళు లేరు, ఉంటే ఫలానా ప్రమాదం ఉండొచ్చని చెప్పినవాళ్ళూ లేరు. పాప గుండెలో రంధ్రంతో పుట్టింది. ఆపరేషన్ చేసిన చోట డాక్టర్లు ఆమె కడుపుతో ఉన్నప్పుడు వాడిన మందులన్నీ చెప్పమన్నారట. బలం బిళ్ళల సంగతి అప్పుడే బయటపడింది. తల్లే తిని బిడ్డకు తెచ్చిపెట్టిందని అత్త ఆ రోజు నుంచి అంటూనే ఉంది.

"డబ్బుల కోసం కాదు మేడమ్. తప్పు నాదా కాదా, అదొక్కటి కోర్టులో తేల్చండి చాలు," అంది షమీమ్.

ఆమె ఒక బిస్కెట్ డబ్బా ఇచ్చి వెళ్ళింది. నేను తువ్వాలు పరచలేదు. అందులోని స్కానింగ్ కాగితాలు, ఆపరేషన్ కాగితాలు తేదీల వారీగా కుట్టి చక్కటి ఫైలు కట్టాను. అడుగున ఖాళీ బిళ్ళల అట్టలు కొన్ని ఉన్నాయి. వాటి మీద పెన్నుతో ఏవో గీతలు. పిల్లల గీతలనుకుని చెత్తబుట్టలో వేశాను. ఎంత శుభ్రంగా పని చేశానో అని నన్ను నేను మెచ్చుకున్నాను కూడా.

మర్నాడు భ్రమరాంబ గారు ఫైలు చూసి, డబ్బాలో ఇంకేమీ లేవా అని అడిగారు. ఖాళీ అట్టలే, పారేశానన్నాను. ఆమె చీర కుచ్చిళ్ళు పైకి దోపుకుని మెట్లు దిగారు. అప్పటికే బుట్ట ఊడ్చుకుపోయారు. వీధి చివర చెత్తకుప్ప దగ్గర, అరవై ఏళ్ళ మనిషి, కోర్టుకు పోయేవాళ్ళంతా చూస్తుండగా గొంతుక్కూర్చుని చేతులతో వెతికారు. పక్కన నేనూ వెతికాను. అంతకన్నా నన్ను చెంపదెబ్బ కొట్టి ఉంటే నయంగా ఉండేది. నాలుగు అట్టలే దొరికాయి.

కబురు పంపితే సాయంత్రానికి షమీమ్ వచ్చింది. ఈసారి తువ్వాలు పరిచాం. భ్రమరాంబ గారు ఒక అట్టను తాకి "ఇదేందమ్మా?" అన్నారు. ఒక గీత ఆసుపత్రి షాపులో కాంపౌండరు రాసిందట, పొద్దునొకటి రాత్రొకటి అని. పక్కనున్నది షమీమ్ ఉర్దూలో రాసుకున్న నెల పేరు. వాళ్ళమ్మ కడుపు నెలలను చంద్రుణ్ణి చూసి లెక్కపెట్టేదట. నెలాఖరి అట్ట అయిపోయినప్పుడల్లా ఇది ఫలానా నెలలో వేసుకున్నదని షమీమ్ రాసి దాచుకుంది. రంజాన్, షవ్వాల్, జిల్‌హజ్, మొహర్రం అని వేలు పెట్టి చదివింది. తర్వాత డబ్బా వంక చూసింది.

"ఏడుండాల మేడమ్," అంది.

ఈ ఘడియ వస్తుందని నాకు పొద్దుటే తెలుసు. ఎక్కడో పోయాయని చెబుదామని భ్రమరాంబ గారిని బతిమాలాను కూడా. "ఆ పిల్ల అడిగేదే తప్పెవరిదని. మన తప్పు మనమే దాస్తే ఇంక ఆమె కేసు ఏం మొహం పెట్టుకుని ఏస్తామే? ఆమెకు నువ్వే చెప్పు," అన్నారామె. షమీమ్‌కు అలాగే చెప్పాను. అవేమిటో నిన్ను అడగకుండా పారేశాను, తప్పు నాదే అన్నాను. వేరే వకీలు దగ్గరికి వెళ్ళినా ఫైలు ఇచ్చేస్తామని భ్రమరాంబ గారు చెప్పారు.

"పాప పుట్టినకాడి నుంచి తప్పు నీదే అన్నోళ్ళను చానామందిని చూశా. తప్పు నాదే అన్న మనిషిని ఇయ్యాలే చూస్తన్నా," అని షమీమ్ కళ్ళు తుడుచుకుంది. కేసు మా దగ్గరే ఉంచింది.

పిటిషన్‌లో నేను ఆ మందును విషమని రాస్తే భ్రమరాంబ గారు ఆ మాట కొట్టేశారు. ఆ బిళ్ళలు లేకపోతే అప్పట్లో షమీమ్ ఏమయ్యేదో, ఇంకెందరు తల్లులు వాటి మీద నిలబడి ఉన్నారో నీకు తెలుసా అని కోప్పడ్డారు. చెప్పాల్సినవాళ్ళు చెప్పలేదు, మన కేసు అంతవరకే అన్నారు. గర్భమని తెలియగానే మందు ఆపమన్నామని, ఆ తర్వాత సొంతంగా కొనుక్కుని ఉంటుందని ఆసుపత్రి వాళ్ళు జవాబిచ్చారు. కాంపౌండరు చేతిరాత, ఆ అట్టలు షమీమ్ నెల తప్పాకే తయారయ్యాయని వెనక అచ్చయిన తయారీ నెల ఆ మాటను నిలవనివ్వలేదు. కానీ దొరికిన నాలుగూ మూడో నెల నుంచి వాడినవి. బిడ్డ గుండె రూపుకట్టే మొదటి నెలల అట్టలు నేను పారేసిన వాటిలో పోయాయి. కాబట్టి గుండె జబ్బు మందు వల్లే వచ్చిందా అన్నది తేల్చలేమని, అడగకపోవడం, చెప్పకపోవడం మాత్రం ఆసుపత్రి లోపమేనని వినియోగదారుల కోర్టు తీర్పిచ్చింది. కొంత పరిహారం ఇమ్మంది.

తీర్పు కాపీ తీసుకుని పిడుగురాళ్ల వెళ్ళాం. షమీమ్ అత్త గడపలో కూర్చుని బియ్యం ఏరుతోంది. అక్కడే చదవమన్నారు భ్రమరాంబ గారు. ఇచ్చిన మందును ఇచ్చినట్టు వాడిన తల్లి చేసిన తప్పేమీ కనిపించడం లేదన్న వాక్యాన్ని తెలుగులో చెప్పాను. ముసలామె చేట పక్కన పెట్టి, ఆ ముక్క మళ్ళీ చదవమంది. మళ్ళీ చదివాను. ఆమె కోడలి వైపు చూడలేదు గానీ, పాపను ఎత్తుకుని షమీమ్ ఒళ్ళో కూర్చోబెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

భ్రమరాంబ గారు పోయి మూడేళ్ళయింది. ఆ తెల్ల తువ్వాలు ఇప్పుడు నా బల్ల మీద ఉంది. రేషన్ కార్డును చూపించి ఇదేంది అని అడుగుతాను, నా జూనియర్ నవ్వు ఆపుకోవడం నాకు కనిపిస్తూనే ఉంటుంది. ఉర్దూ నాకు రాదు. కానీ రంజాన్, షవ్వాల్, జిల్‌హజ్, మొహర్రం ఎక్కడ రాసి ఉన్నా చదవగలను. రంజాన్‌కు ముందొచ్చే రజబ్, షాబాన్, నేను పారేసిన ఆ మొదటి రెండు నెలలు, ఎలా రాస్తారో మాత్రం ఇప్పటికీ తెలియదు.