నైరుతిలో నాలా

దిల్‌సుఖ్‌నగర్ దాటి ఎల్‌బీ నగర్ చేరేలోపు మెయిన్ రోడ్డు నుంచి లోపలికి దిగితే మా కాలనీ. అక్కడ మునిసిపాలిటీ రూలు చెబితే నవ్వుతారు, వాస్తు చెబితే గోడ పగలగొడతారు. తెలంగాణ ఉద్యమం రోజుల్లో ఈ సంగతి నాకు బాగా పనికొస్తుందనుకున్నాను.

మా వరుసలో ఆరిళ్లు. ఇళ్ల వెనకాల వాన నీళ్లు పోయే నాలా ఉండాలి. లేఅవుట్ మ్యాపులో ఉంది కూడా, నేల మీదే లేదు. ఆ వైపు అందరికీ నైరుతి. నైరుతిలో గుంట ఉంటే యజమానికి అరిష్టమని ఒక్కొక్కరూ దాన్ని పూడ్చారు. పూడ్చాక జాగా ఎందుకు దండగని బాత్‌రూములు కట్టుకున్నారు. గట్టి వాన పడితే నీళ్లు దారిలేక రోడ్డెక్కి, వరుస చివర పల్లంలో ఉన్న టైలరమ్మ గదిలోకి పోయేవి.

ఆమె నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఆ గదిలో కిరాయికి ఉంటోంది. "ఈసారి మిషన్ దాక వచ్చినయి మేడమ్. ముంగట పెండ్లిళ్లున్నయి. ఇంకోపారి మంది బట్టలు నానినయంటే నా దుకాణం బందే" అంది. నేను పంతులమ్మను. బంద్‌ల వల్ల మా బడి వారంలో సగం రోజులు మూతపడేది. ఖాళీగా ఉన్నాను, కోపంగానూ ఉన్నాను. మునిసిపల్ ఆఫీసుకెళ్లి లేఅవుట్ మ్యాపు జిరాక్స్ తెచ్చి, కాలనీ మీటింగ్ పెట్టించాను.

"నాలా మీద కట్టకూడదని రూలుంది" అన్నాను.

మా పక్కింటి నల్గొండ పెద్దాయన లేచాడు. "ఆంధ్రోళ్లు వచ్చినంకనే చెర్వులు, నాలాలు మాయమైనయి" అన్నాడు.

ఆయన అవతలి ఇంటి గుంటూరు మాస్టారు ఊరుకుంటారా! "అమ్మింది మీవాళ్లే కదండీ" అన్నారు.

రెండు గంటలు రాష్ట్రం గురించి కొట్లాడుకున్నారు, నాలా ఊసే లేదు. ఇద్దరి బాత్‌రూములూ దాని మీదే ఉన్నాయి, మధ్యలో ఒకటే గోడ.

అప్పుడు నాకు తెలివి వెలిగింది. వాస్తు చెప్పే సిద్ధాంతిగారి దగ్గరికి పోయి, "గుంట వేరు, పారే నీళ్లు వేరు అని ఒక్క మాట చెప్పండి" అని బతిమాలాను. ఆయన దిక్సూచి పట్టుకుని మిగతా ఐదిళ్లూ తిరిగి, పారే నీళ్లకు అడ్డం కడితే మహా దోషమని తేల్చేశారు. మర్నాడే తెలంగాణ, ఆంధ్ర ఏకమై బాత్‌రూములు కూల్చడానికి ఒకే మేస్త్రీని మాట్లాడుకున్నాయి. నేను గర్వంతో పొంగిపోయాను.

ఇంక మా ఇల్లు మిగిలింది. రెండ్రోజులాగి సిద్ధాంతిగారు మా పెరట్లోకి వచ్చారు. నేను బాత్‌రూము కట్టలేదు. ఇటుకలు పేర్చి, మట్టి పోసి, మల్లెలు వేశానంతే.

"ఇదీ అడ్డమేగా అమ్మా" అన్నారాయన.

ఐదేళ్లుగా పెంచుకున్న మల్లెలు. వాస్తును అంత వెక్కిరించే నేను, "పరిహారం ఏమీ లేదా అండీ?" అని అడిగాను. శాంతి చేయిస్తే సరిపోతుందన్నారు. నా మనసు తేలికపడింది. ప్రభుత్వమూ అంతేగా, కట్టేదాకా వద్దంటుంది, కట్టాక క్రమబద్ధీకరిస్తుంది.

మా ఇంటి హోమం పొగ గోడ దాటకుండా ఉంటుందా? వారం తిరిగేసరికి ఐదిళ్లలోనూ శాంతి జరిగింది. మేస్త్రీని రావద్దన్నారు. ప్రసాదాలు మా ఇంటికీ వచ్చాయి, తిన్నాను.

తర్వాతి వానకు టైలరమ్మ గదిలో మోకాలి లోతు నీళ్లు. నేను వెళ్లేసరికి ఆమె గడపలో నిలబడి, నానిన పెళ్లి బట్టలు ఒక్కొక్కటే పిండుతోంది. ఏడుస్తోందేమో, వానలో తెలియలేదు. నన్ను చూసి లోపలికి పోయి, అటక మీంచి ఒక ప్లాస్టిక్ కవరు తీసి ఇచ్చింది.

"మీ జాకెట్ మేడమ్. మబ్బు పట్టంగనే మీదొక్కటి పైన పెట్టిన. నా కోసం అంతమందితోని కొట్లాడుతున్నరు గద."

జాకెట్ పొడిగా ఉంది. నాకు తలెత్తి ఆమె ముఖం చూసే ధైర్యం లేకపోయింది. ఇంటికొచ్చి, వానలోనే గడ్డపార తీసి మల్లెలు తవ్వడం మొదలుపెట్టాను. గోడ మీంచి నల్గొండ పెద్దాయన గొడుగు పట్టుకుని తొంగిచూశాడు.

"ఏంది మేడమ్, శాంతి చేయించినా దోషం పోలేదా?"

"పోలేదు" అన్నాను.