బొమ్మ కింద పేరు

మేడమ్ నా బొమ్మ వేస్తానని అడిగిన రోజు నేను వంటగదిలో కూర్చుని చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తున్నాను. బహ్రెయిన్‌లో అద్లియా అనే పేటలోని ఆ ఇంట్లో వంట నాది, ఇంటి అజమాయిషీ కూడా నాదే. మేడమ్ బహ్రెయినీ ఆవిడ. చాలాకాలం బడిలో చిత్రలేఖనం నేర్పి, ఇప్పుడు మేడ మీద గదిలో తన బొమ్మలు తాను వేసుకుంటున్నారు. మేమిద్దరం మాట్లాడుకునేది సగం హిందీ, కొంత ఇంగ్లీషు, మిగతాది అరబ్బీ. ఇక్కడ ఆవిడ మాటలను నా తెలుగులోనే రాస్తున్నాను.

ఆవిడ నా చేతుల వైపు కొంతసేపు చూసి పైకి వెళ్ళారు. తలగడంత పుస్తకం ఒకటి పట్టుకుని దిగారు. యూరప్, అమెరికా చిత్రకారుల పేరుపొందిన బొమ్మలు అందులో ఉన్నాయి. ఒక పేజీ తెరిచి గట్టు మీద పెట్టారు. అది హాలండు దేశపు పాత బొమ్మ. ఎడమవైపు కిటికీలోంచి వెలుతురు వస్తోంది. పసుపుపచ్చ రవికె, నీలం రంగు పైగుడ్డ కట్టుకున్న దిట్టమైన మనిషి కూజాలోంచి గిన్నెలోకి పాలు పోస్తోంది. బల్ల మీద రొట్టెలు. వెనక సున్నపుగోడకు ఒక మేకు. మేకులు ఊడిన చోట్ల చిల్లులు కూడా వదలకుండా వేశాడు.

"మిమ్మల్ని ఇలా వేద్దామని," అన్నారు మేడమ్.

"ఈవిడ ఎవరు?"

"ఆ ఇంట్లో పనిమనిషి."

"పేరు?"

"ఎవరికీ తెలియదు. బొమ్మను పాలు పోసే మనిషి అనే పిలుస్తారు."

నేను చేతులు తుడుచుకుని పేజీలు తిప్పాను. ఒకచోట ఇంగ్లండు భూస్వామి, ఆయన భార్య కనిపించారు. ఆయన తుపాకీ చంకన పెట్టుకుని చెట్టు కింద నిలబడ్డాడు. ఆవిడ నీలం పట్టు గౌనులో బెంచీ మీద కూర్చుంది. బొమ్మలో సగానికి పైగా వాళ్ళ పొలమే, కోసిన పనలు కట్టలు కట్టి నిలబెట్టి ఉన్నాయి. ఆ బొమ్మ నాకు వెంటనే నచ్చింది. కారణం దాచడానికేమీ లేదు, మా వాళ్ళు గుర్తుకొచ్చారు.

"వీళ్ళ పేర్లు తెలుసా?"

"తెలుసు. ఆయన పేరే బొమ్మ పేరు. ఆవిడ ఆయనగారి భార్య," అని మేడమ్ నవ్వారు. తర్వాత వేలితో ఆవిడ ఒడిని చూపించారు. అక్కడ రంగు లేదు, బొమ్మ వేసిన ఉత్త గుడ్డే కనిపిస్తోంది. ఒడిలో ఏదో వేద్దామనుకుని చిత్రకారుడు ఖాళీగా వదిలేశాడట. ఎందుకు వదిలాడో ఎవరూ తేల్చలేదట.

నేను పుస్తకం మూసి ఆవిడ చేతికిచ్చాను. "వంటకు జీతం తీసుకుంటున్నాను మేడమ్. బొమ్మ సంగతి వేరు. పాలు పోసే మనిషిలా నన్ను వేయకండి," అన్నాను. ఆవిడ నొచ్చుకోలేదు. "ఆలోచించండి" అని మాత్రం అని వెళ్ళిపోయారు.

నా అభ్యంతరం ఆ డచ్చి మనిషి మీద కాదు. పేరు లేని బొమ్మ ఏమవుతుందో మా ఇంట్లోనే చూశాను.

మాది గోదావరి జిల్లాలో ఒక చిన్న ఎస్టేటు. చట్టం వచ్చి ఎస్టేటు పోయింది, మిగిలిన పొలాలను దావాలు తిన్నాయి. కానీ నా చిన్నతనంలో హాలు గోడకు మా నాయనమ్మ తైలచిత్రం ఇంకా ఉండేది. జరీచీర, చేతిలో గులాబి, ఉంగరాలు తొడిగిన సన్నటి తిన్నటి వేళ్ళు. దాని కింద గోడకు బిగించిన ఇత్తడి రేకు మీద బిరుదుతో సహా ఆవిడ పూర్తి పేరు. మాది ఘోషా ఇల్లు, మగవాడి ఎదుట ఆవిడ కూర్చోవడమనేది జరగదు. మద్రాసు నుంచి వచ్చిన చిత్రకారుడికి తెర పక్కకు తీసి ముఖం మాత్రం చూపించారట.

మిగతా ఒళ్ళు ఎక్కడిదో నాకు ఒక పెళ్ళిలో తెలిసింది. మాకు వేలు విడిచిన బంధువుల ఇల్లు అది. వాళ్ళ హాలులో ఇంకో జమీందారిణి బొమ్మ. అదే గులాబి, అవే ఉంగరాలు, అవే చేతులు. ముఖం మాత్రం వేరు. మా నాన్నగారిని అడిగితే, "వర్షాకాలమంతా ఒళ్ళు వేసి పెట్టుకునేవాడమ్మా, ఎండలు రాగానే ఊళ్ళు తిరిగి ముఖాలు అతికించేవాడు," అన్నారు. ఆయన అందులో తప్పేమీ చూడలేదు. నాకు మాత్రం మనసులో ముల్లు పడింది. ఎందుకంటే నాయనమ్మ కుడిచేతి చిటికెన వేలు పుట్టుకతోనే బయటికి వంగి ఉండేది. నా వేలూ అంతే. ఆ ఇంటి నుంచి నాకు దక్కిన వారసత్వంలో ఎవరూ దావా వేయలేనిది అదొక్కటే.

తర్వాత మా చిన్నాన్నగారు ఆ బొమ్మను పాత సామాన్ల వ్యాపారికి అమ్మేశారు. రేకు గోడకు ఉండిపోయింది. ఇల్లు ఖాళీ చేసిన రోజు దాన్ని ఊడదీసి తెచ్చుకున్నాను, ఇప్పుడు అద్లియాలో నా పెట్టెలో ఉంది. బొమ్మ ఏ హోటలు గోడ మీద ఉందో, దాన్ని చూసేవాళ్ళు ఏమనుకుంటున్నారో తెలియదు.

శుక్రవారం నా దగ్గరికి ఒకామె వస్తుంది. సీఫ్ అనే పేటలో ఒక మాల్‌లో క్లీనింగ్ డ్యూటీ, మా పక్క ఊరి మనిషి. ఆమె తాత మా తాతగారి పల్లకీ మోశాడు. ఆ సంగతి నేను ఎప్పుడూ ఎత్తను, ఆమె వచ్చినప్పుడల్లా ఎత్తుతుంది.

"ఏవండీ రాణీగారూ, బొమ్మ ఏత్తానంటే వద్దన్నారంట?"

"పనిమనిషిలా వేస్తానన్నారు."

"మరి మీరు చేసేదేంటండీ ఇక్కడ, పట్టాభిషేకమా?"

"నోరు మూసుకుని టీ తాగు."

"తాగుతున్నానండి. ఆవిడ నన్నడిగితే మాపు కర్ర పట్టుకుని నిలబడిపోదును. మా తాత మీ పల్లకీ మోసి మోసి బుజం కాయ కాసింది, ఒక్క బొమ్మ ఏయించారా మీవోళ్ళు?"

"మా నాయనమ్మనే సగం వేయించారు," అన్నాను. ఆమె పకపకా నవ్వింది. నాకూ నవ్వొచ్చింది.

ఆ వారమే మేడమ్ మళ్ళీ పుస్తకం తెచ్చారు. ఈసారి అమెరికా చిత్రకారుడి బొమ్మ. ఒక ముసలావిడ పక్కకు తిరిగి కుర్చీలో కూర్చుంది. నల్లగౌను, తెల్లటి లేసు టోపీ, చేతులు ఒడిలో, పాదాలు చిన్నపీట మీద. గోడ బూడిదరంగు. ఆవిడ ఎవరినీ చూడదు, ఎవరినీ మెప్పించదు. వెన్ను నిటారుగా ఉంది.

"ఆయన కన్నతల్లి," అన్నారు మేడమ్.

"ఇలాగైతే కూర్చుంటాను."

"కానీ ఆయన ఈ బొమ్మకు పెట్టిన పేరేమిటో తెలుసా? బూడిదరంగు, నలుపుల కూర్పు. తల్లి అన్నది దానికి తోక."

పాలు పోసే ఆవిడ సరే, జీతానికి వచ్చిన మనిషి. తల్లికి కూడా పేరు లేదా?

"ఆయన తప్పేమీ చేయలేదు," అన్నారు మేడమ్, నా ముఖం చూసి. "పేరు రాస్తే జనం పేరు చదువుకుని వెళ్ళిపోతారు. రంగులు చూడమన్నాడు. నేనూ నా బొమ్మలకు పేర్లు పెట్టను."

"నా షరతు ఒకటే మేడమ్. కింద నా పేరు ఉండాలి, ఇంటిపేరుతో."

"చూద్దాం," అన్నారు ఆవిడ. ఆవిడ చూద్దామంటే కాదనే అర్థం ఎక్కువసార్లు. అయినా ఒప్పుకున్నాను.

మొదటిరోజు నా కంచిపట్టు చీర కట్టుకుని, శుక్రవారం వచ్చే స్నేహితురాలి దగ్గర అరువు తెచ్చుకున్న రోల్డుగోల్డు గాజులు వేసుకుని పైకి వెళ్ళాను. కుర్చీలో పక్కకు తిరిగి కూర్చుని, కుడిచేతిని ఎడమచేతి కింద పెట్టుకున్నాను. ఆవిడ బొగ్గుముక్క పట్టుకుని చాలాసేపు గీయకుండా నిలబడ్డారు.

"గాజులు తీసేయండి. ఆ చెయ్యి ఎందుకు దాస్తున్నారు?"

"వేలు వంకర."

"దాని కోసమే కదా మిమ్మల్ని అడిగింది," అన్నారు.

గాజులు తీసేశాను. చీర మాత్రం మార్చుకోలేదు, ఆవిడా పట్టుబట్టలేదు. ఉత్త చేతులు ఒడిలో ఎలా పెట్టుకోవాలో తెలియలేదు, ఎలా పెట్టినా ఫొటో స్టూడియోలో ఉన్నట్టే ఉంది. చివరికి నేనే కిందికి వెళ్ళి చిక్కుడుకాయల పళ్ళెం తెచ్చుకున్నాను. అది పనిమనిషి పని అని ఎవరైనా అనుకుంటే అనుకోనీ. మధ్యాహ్నాలు తెర వెనక దాసీల మధ్య పీట వేసుకుని నాయనమ్మ స్వయంగా ఈనెలు తీసేది. ఆ వంకర వేలితో కాయ కొన పట్టుకుని లాగితే ఈనె తెగకుండా చివరిదాకా వచ్చేది. ఆవిడను ఘనంగా వేయించినవాళ్ళలో ఒక్కరూ ఆ చేతులను చూడలేదు.

బొమ్మ పూర్తవడానికి చలికాలమంతా పట్టింది. కదలకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ కుర్చీలో తెలిసింది. హాలండు ఆవిడ ఆ కూజాను ఎన్ని పూటలు అలా వంచి పట్టుకుని నిలబడిందో కదా అనుకునేదాన్ని. ఒకరోజు మేడమ్ లేనప్పుడు ఆ పేజీ మళ్ళీ తీసి చూశాను. ఆవిడ పాలధార మీద పెట్టిన చూపు పక్కకు తిరగలేదు. ఆవిడ మీద నాకు గౌరవం పెరిగింది. అయినా పేరు ఉండాల్సింది.

అద్లియాలోనే ఒక చిన్న హాలులో మేడమ్ బొమ్మల ప్రదర్శన పెట్టారు. బొమ్మ పక్కన పెట్టే కార్డు మీద ఏం రాశారో ఆవిడ చెప్పలేదు, నేను అడగలేదు. ఇద్దరం పంతం గలవాళ్ళమే. నేను, నా స్నేహితురాలు లోపలికి వెళ్ళేసరికి నా బొమ్మ ఎదురుగోడకు ఉంది. నిటారు వెన్ను, పట్టుచీర అంచు, ఒడిలో పళ్ళెం. వెలుతురంతా చేతుల మీదే, ముఖం నీడలోకి పోయింది. చిటికెన వేలు ఉన్నది ఉన్నట్టు వంగి ఉంది. పక్కన గోడకు కార్డు. అరబ్బీలోనూ ఇంగ్లీషులోనూ నా ఇంటిపేరు, నా పేరు. వేరే మాట ఒక్కటీ లేదు.

"ఇంటిపేరు బొమ్మకంటే పొడుగుందండి," అంది స్నేహితురాలు. దగ్గరికి వెళ్ళి చూసి, "బావుందండి. నిజంగా మీలాగే ఉంది, ఎవరినీ లెక్కచెయ్యనట్టు," అంది.

మేడమ్ దూరం నుంచి చూసి తల పంకించారు, అంతే.

ప్రదర్శన ముగిసే రోజున ఆ బొమ్మను సీఫ్‌లో ఒక ఆఫీసువాళ్ళు కొన్నారు. డ్రైవరు వచ్చేలోగా కట్టి ఉంచాలని దాన్ని ఇంటికి తెచ్చారు. దాంతోపాటు మేడమ్ ఆ కార్డును తీసుకొచ్చి వంటగదిలో నా ముందు పెట్టారు. "మీకు గుర్తుగా," అన్నారు.

"బొమ్మతో పోదా ఇది?"

"ఇది గోడకు పెట్టింది. బొమ్మతో వెళ్ళదు."

నా పెట్టెలోని ఇత్తడి రేకు సంగతి ఆవిడకు ఎప్పుడూ చెప్పలేదు, అప్పుడూ చెప్పలేదు. చిన్నగిన్నెలో మైదాపిండి, నీళ్ళు కలిపి పొయ్యి మీద పెట్టాను. చిక్కబడి జిగురయ్యేదాకా ఆవిడ పక్కనే నిలబడి చూశారు.

"నేను సంతకం పెట్టానుగా బొమ్మ మీద," అన్నారు.

"అది మీ పేరు మేడమ్."

బొమ్మను తిప్పి బల్ల మీద బోర్లా పెట్టమన్నాను. ఇద్దరం చెరోవైపు పట్టుకుని పెట్టాం. చట్రం వెనక అడ్డచెక్క మీద జిగురు రాసి కార్డు అంటించాను. మూలలు లేస్తుంటే ఒక్కొక్కటే వేలితో అదిమి, ఆరేదాకా అలాగే పట్టుకున్నాను. గేటు దగ్గర డ్రైవరు హారన్ కొట్టాడు. కాసేపు ఆగమని మేడమే వెళ్ళి చెప్పి వచ్చారు.