మైనం కోటు

ఆ రోజుల్లో నాకు తెలిసింది కొంచెమే గాని, తెలిసినదాన్ని కడుపులో దాచుకునే అలవాటు మాత్రం బొత్తిగా లేదు. ఇరవయ్యేళ్ళ వయసు, బళ్ళారిలో ఒక క్షయ దవాఖానాలో కఫం పరీక్షించే ఉద్యోగం, మోకాళ్ళ కిందికి వేలాడే తెల్లకోటు (నాకు ముందు పనిచేసినాయన చాలా పొడగరట). అది తొడుక్కుంటే నేను సగం డాక్టరునని నా నమ్మకం. అసలు డాక్టరుగారు ఎవరితోనూ మూడు మాటలకు మించి మాట్లాడేవారు కారు. మేమంతా ఆయన్ను చాటుగా మౌనస్వామి అనుకునేవాళ్ళం. ఆయన మాట్లాడని మాటలన్నీ నేను మాట్లాడేవాణ్ణి.

మా మేనత్త మొగుడు తారానగర్ వైపు గనుల నుంచి ఖనిజం లారీ నడిపేవాడు. ఎన్నాళ్ళకూ తగ్గని దగ్గుతో వస్తే ఆయన కఫాన్ని నేనే పరీక్షించాను. గాజుపలక మీద ఎర్రరంగు పోసి, కింద స్పిరిటు దీపం పెట్టి ఆవిరి లేచేదాకా కాచి, తర్వాత యాసిడ్‌తో కడగాలి. మిగతా క్రిములకు రంగు పోతుంది, క్షయ క్రిమికి పోదు. సూక్ష్మదర్శినిలో ఆ ఎర్రటి పుల్లల్ని మామకు కూడా చూపించాను (రోగులకు చూపించకూడదు, కానీ చూపించకపోతే నా గొప్ప ఎవరికి తెలుస్తుంది?).

“దీనికి ఒంటినిండా మైనం కోటు మామా. అందుకే యాసిడ్ పోసినా ఏం గాదు.”

“మల్ల రంగు లోపలికి ఎట్ల పాయె?”

“కాస్తిమి కదా! వేడికి మైనం మెత్తబడతాది.”

“అట్లనా అల్లుడా,” అని మామ ఇంకోసారి సూక్ష్మదర్శినిలోకి వంగి చూశాడు. తర్వాత డాక్టరుగారిచ్చిన మాత్రలు తీసుకుని వెళ్ళిపోయాడు.

నడి ఎండాకాలంలో అత్త ఒక్కతే వచ్చింది.

“ఏం చెప్తివప్పా మీ మామకు? ఈ ఎండల్లో కంబళి కప్పుకోని, లారీలో ఇంజన్‌కు ఆనుకోని కూచుంటాండాడు. మైనం కరగల్లంట! పొద్దుగూకులూ మిరియాల కషాయమే.”

బళ్ళారి ఎండలో కంబళి! నేను పగలబడి నవ్వాను. పక్క గదిలో వాళ్ళను పిలిచి మళ్ళీ చెప్పించాను. అందరూ నవ్వుతుండగా అత్త సంచిలోంచి రేకు డబ్బా తీసి బల్ల మీద పెట్టింది. నిండా మాత్రలు.

“గుళిగెలు కడుపులో తిప్పుతాయంట. పది దినాలు మింగి ఇడిసిపెట్టినాడు.”

మరునాడు మామను పిలిపించాం. ఈసారి గాజుపలక మీద ఎక్కడ చూసినా ఎర్రటి పుల్లలే. డాక్టరుగారు డబ్బా వంక చూసి అడిగారు: “ఎవరు చెప్పారు నీకు?” నేను సూక్ష్మదర్శిని మీదికి వంగి ఏదో చూస్తున్నట్టు నటించాను. మామ నా వైపు చూడనైనా చూడలేదు.

“ఎవురూ చెప్పలేదు సార్. నేనే అనుకొంటి.”

మళ్ళీ మాత్రలు, సూదులు అన్నీ మొదలుపెట్టారు. అప్పటికే ఆలస్యమైపోయింది. వానాకాలం ముగిసేలోగా మామ పోయాడు.

రిటైరయ్యే ముందు ఒక పుస్తకంలో చదివాను. ఆ క్రిమి లోపల మైనాన్ని తయారుచేసే ఎంజైములు ఉంటాయట. వాటిలో ఒకదాన్ని పనిచేయనివ్వకుండా పట్టుకునేది మామ డబ్బాలో పోసిన ఆ మాత్రేనట. ఉండబట్టలేక వెళ్ళి అత్తకు చెప్పాను. ఎనభై దాటిన అత్త చెవి నా నోటి దగ్గరికి తెచ్చి రెండుసార్లు చెప్పించుకుని విన్నది.

“మైనం పుట్టకుండా చేసేది ఆ గుళిగేనా? అప్పుడే ఈ మాట చెప్పింటే మీ మామ మింగుతాండె కదప్పా.”

“అప్పుడు ఎవరికీ తెలీదత్తా.”

“తెలీనోడివి అంత పొడుగు ఎందుకు చెప్తివప్పా మరి?”

అలా అని బోసినోటితో నవ్వింది. కళ్ళు మాత్రం తుడుచుకుంది. ఇరవయ్యేళ్ళ ఆ తెల్లకోటు కుర్రాడు ఎదురుపడితే నేనూ అదే అడగాలని ఉంటుంది. కానీ వాడి సంగతి నాకు తెలుసు. నేను నోరు తెరిచేలోగా వాడే ఏదో ఒకటి వివరించడం మొదలుపెడతాడు.