కొట్టిన చేతి కట్టు

మా నాయన కట్టు కట్టడంలో మొనగాడు. తమిళనాడు రాజపాళయంలో మా మగ్గాల షెడ్డులో ఆస్పత్రులకు పంపే బ్యాండేజీ గుడ్డ నేసేవాళ్ళం. పడుగులోంచి అటూ ఇటూ పరిగెత్తే నాడెను విసిరే తోలు బెల్టు అరిగిపోతే నాయన పారేసేవాడు కాదు, తలుపు వెనక మేకుకు తగిలించేవాడు. అది నా కోసం. పదహారేళ్ళప్పుడు నాకు లారీ ఇంజన్ల పిచ్చి. మెకానిక్ షెడ్డుకు వెళ్ళొచ్చిన ప్రతిసారీ వీపు చిట్లేది. ఒకసారి చెవి తమ్మె చీలింది. రక్తం కనబడగానే నాయన ఆ కొట్టిన చేత్తోనే కొత్త గుడ్డ చించి, మందు రాసి, పసిబిడ్డకు చుట్టినట్టు చుట్టేవాడు. "మొక్కై వంగనిది మానై వంగుతుందా?" అనేవాడు. వంగాను. ఇంజన్లు మరిచిపోయి మగ్గాల ముందు నిలబడ్డాను. ఆ కట్టే ప్రేమ అనుకున్నాను. మా ఇంట్లో అందరూ అలాగే అనుకున్నారు.

నేనూ ఆ తానులో ముక్కనే. రెండేళ్ళ కిందట మా అమ్మాయి పదో తరగతి పాసైంది. మా గుడ్డ కత్తిరించే డాక్టరు మా ఇంట్లోంచే రావాలని నా ఆశ. అదేమో పదకొండో తరగతి, అదే ప్లస్ వన్, ఫారంలో బయాలజీ కొట్టేసి, ఆర్ట్స్ గ్రూప్ రాసి, సంతకానికి నా ముందు పెట్టింది.

"ఎవుర్ని అడిగి రాసినావే?"

"సదివేది నేను గదా నాయినా. నాకు చరిత్రే కావాల."

బెల్టు నా చేతిలోకి ఎలా వచ్చిందో తెలియదంటే అబద్ధం. నేనే వెళ్ళి తలుపు వెనక మేకు నుంచి తీశాను. ఒకటే దెబ్బ. అడ్డుపెట్టిన మోచేతి కింద తోలు లేచిపోయింది. రక్తం ఫారం మీద చిందింది. నా భార్య కేక పెట్టింది. బిడ్డ పెట్టలేదు.

పరుగున వెళ్ళి గుడ్డ చుట్ట తెచ్చాను. బిడ్డ చేయి లాక్కుంది.

"నువ్వు కట్టొద్దు నాయినా. నేనే కట్టుకుంటాను."

ఒక కొస పళ్ళతో పట్టుకుని, వంకరటింకరగా చుట్టుకుంది. రెండుసార్లు జారిపోయింది. నేను చూస్తూ నిలబడ్డాను. సిగ్గుతో చచ్చిపోయాను. ఎప్పుడో పోయిన నాయన మీద ఒళ్ళు మండిపోయింది. కొట్టినందుకన్నా కట్టు కట్టినందుకే ఎక్కువ మండింది. ఆ కట్టు లేకపోతే నేను ఎన్నడో ఎదురుతిరిగి ఉండేవాణ్ణి.

ఆ పూటే బెల్టును కత్తితో ముక్కలుగా కోశాను. మర్నాడు బడికి వెళ్ళి కొత్త ఫారం తెచ్చాను. ముందే అడుగున సంతకం పెట్టి, పైనంతా ఖాళీగా ఉన్న ఫారం దాని చేతికిచ్చాను.

"సరి, నువ్వే రాయి పాపా."

పెన్ను అందుకుంది, నా ముఖం చూడలేదు. నెల రోజులు మాట్లాడలేదు. ఇప్పుడు బడి నుంచి రాగానే ఏ రాజు ఏ రాజును పొడిచాడో అన్నం ముందు కూర్చుని చెబుతుంది, కంటినిండా నిద్రపోతుంది. ఆ వయసులో నాకు రెండూ లేవు.

మొన్న బెండకాయలు తరుగుతూ వేలు కోసుకుంది. లేవబోయి ఆగాను.

"గుడ్డ తెచ్చేదా?"

"తీసుకురా నాయినా."

తనే చుట్టుకుంది. ముడి దగ్గర మాత్రం వేలు నా ముందుకు చాపింది. ఆ ముడి వేయడానికి నాకు చాలాసేపు పట్టింది.